గోలు ముందరి మట్టి

నది పొంగి మార్కెట్టు మెట్లెక్కిన ఏడాది సంగతి. థార్న్‌లీ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం వెనక, గడ్డి కోసే మిషన్ల షెడ్డు. ముప్పై ఏళ్లుగా ఆ మైదానం చూసుకునే సేత్ దగ్గరికి, బస్సు నడిపి రిటైరైన విల్ఫ్ వచ్చాడు.

"టీ నాకొద్దు. మట్టి ఎక్కడ సేత్?"

"ఏ మట్టి?"

"ఏ మట్టా? గోలు ముందరి మట్టి. లారీలకెత్తారటగా."

"వరదకి మురిగిపోయిందన్నారు వేల్ గారు. తీసేసి ప్లాస్టిక్ గడ్డి పరవమన్నారు. క్లబ్బు ఓనరు ఆయన."

"గారా? వాడికి గారొకటా? ఛీ! నూరేళ్ల ఆకుపచ్చ జెర్సీకి ఊదా పులిమినోడు. గోడమీద మనోళ్ల పేర్లు గీకేసి వాడి మొహం అంటించుకున్నోడు. జట్టు ఓడితే, చూసే మనకి అరవడం చాతకాదన్నాడు చూడు, ఆ నోటికి—"

"విల్ఫ్. నీకసలే బీపీ."

"ఉండనీ."

"నువ్వు లోపలికి రావడం మానేసి రెండేళ్లాయె. మట్టితో నీకేం పని?"

"ప్రతి శనివారం గేటు దాకా వస్తున్నా. ఉమ్మేసి పోతున్నా. వాడుండగా లోపల కాలు పెట్టను. కానీ ఎడ్నా లోపలుంది కదయ్యా! మా ఆవిడ బూడిద నీ చేత్తోనే ఆ మట్టిలో కలిపావు. గోలు ఎడమ కర్ర పక్కన."

"నలభై ఒక్క మంది అభిమానుల బూడిద కలిపా. అందరి పేర్లూ గుర్తే."

"మరి ఎక్కడ పారబోశారు? చెత్తగుట్టలోనా?"

"కాదు."

"నదిలోనా?"

"కాదంటున్నాగా."

"మరెక్కడ?"

"టీ చల్లారిపోతోంది."

"సేత్!"

"ముప్పై ఏళ్లు జల్లెడ పట్టిన మట్టి అది. అలాంటిది పారబోస్తారా ఎవరైనా?"

"మురిగిపోయిందన్నావుగా!"

"వాడన్నాడు. నేననలా."

"ఎక్కడుందో చెప్పి చావు."

"కొండమీద. వాడింటి ముందు. పచ్చిక వేయించుకున్నాడు."

"ఎవరు పరిచారు?"

"ముందా టీ తాగు."

"ఎవరు పరిచారు సేత్?"

"నేనే. విత్తనం కూడా నేనే చల్లా. కాదంటే ఉద్యోగం పీకేస్తానన్నాడు."

"థూ! మా ఎడ్నా మీద వాడు నడుస్తున్నాడా?"

"నడవడు. కుక్కల్ని వదులుతాడు. రెండున్నాయి."

"అందులో ఎవరున్నారో వాడికి తెలీదా?"

"చెప్పా. ఒక్కో పేరూ చెప్పా."

"ఏమన్నాడు?"

"వద్దులే."

"ఏమన్నాడు?"

"'అయితే ఎరువు ఖర్చు తప్పింది' అన్నాడు. విల్ఫ్? ఓయ్, కూచో. తిట్టు. నన్నైనా తిట్టు."

"నిన్ను తిట్టడానికి నా నోరు పాడుచేసుకోను. ఎడ్నా ఎటు పక్క?"

"గేటు దాటితే ఎడమవైపు, గులాబీల దగ్గర. ఆ మట్టి విడిగా మోసుకెళ్లా. మిగతావాళ్లతో కలిపెయ్యలేదు. అదొక్కటే చెయ్యగలిగా."

"మిగిలిన నలభై ఇళ్లూ నీకు తెలుసుగా?"

"తెలుసు. ఎందుకు?"

"పద. ఒక్కో తలుపూ కొడదాం. వాళ్లకి నీ నోటితోనే చెప్పు."

మర్నాడు పొద్దున్నే, కొండమీద, వేల్ ఇంటి కాపలావాడు గేటు దగ్గరనుంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏయ్ పెద్దాయనా! లే, లే! పచ్చిక మీద కుర్చీ వేసుకున్నావేంటి? ఇది వేల్ గారి సొంత స్థలం!"

"గొంతు తగ్గించు బాబూ. ఇది శ్మశానం. నా భార్యని చూడ్డానికొచ్చా. ఆ గేటు తీసే ఉంచు, మిగతావాళ్ల బంధువులు బస్సు దిగుతున్నారు."