అత్తమ్మ కంప్యూటర్‌ని నేను నిద్రలేపిన విధం

"పెద్ద పనేం కాదులెండి. చిన్న స్క్రూ ఒకటి బిగించాను, లేచి కూర్చుంది," అన్నాడు మా బిల్డింగు లిఫ్టు చూసే మెకానిక్కు లిఫ్టు బావ, ఎవరూ అడగకుండానే.

అతను చిన్న అన్నాడంటే పెద్దది వెనకాలే వస్తోందని అర్థం. నేను కత్తెర తుడిచి పక్కన పెట్టేశాను. మధ్యాహ్నం పూట బిల్డింగు కిందున్న నా సెలూన్‌కి ఎలాగూ బేరాలుండవు. బెంచీ మీద లెక్కల మాస్టారు పేపరు చదువుకుంటున్నారు. తలుపు పక్కన గాలి తగిలే చోట కుర్చీ వేసుకుని బావ వాళ్ళ అత్తగారు కూర్చుంది. బిల్డింగులో అందరం ఆవిణ్ణి టైపిస్టమ్మ గారంటాం, ఆఫీసులో టైపు కొట్టి కొట్టి రిటైరైంది కాబట్టి. ఆవిడ ఒళ్ళో పుస్తకమంత పెట్టె ఉంది. దానికి పైన చిన్న తెర, కింద టైపు మిషన్‌కున్నట్టు వరసగా బటన్లు.

సంగతేంటంటే, ఆవిడకి గొంతు ఆపరేషన్ అయ్యింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు, మాట మాత్రం ఇక రాదన్నారు. అంతకు ముందు బావ గొప్పలు పోతూ ఒక కోత మొదలుపెడితే ఆవిడ సగంలోనే తుంచేసేది. వాళ్ళిద్దరి జగడం వినడానికి జుట్టు పెరగనివాళ్ళు కూడా వచ్చి నా కుర్చీలో కూర్చునేవాళ్ళు. మాట పోయాక పలక ఇచ్చారు. ఆవిడ రాసి చూపించేలోపు ఇక్కడ కబురు మారిపోయేది. ఫోనిస్తే, ఆ గాజు మీద గీకడం నా వల్ల కాదని సైగ చేసి పక్కన పడేసింది. తర్వాత పలక కూడా మానేసి కిటికీ వైపు తిరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న బావ కూతురికి ఆ సంగతి తెలిసి ప్రాణం ఉసూరుమంది. అమ్మమ్మ కోసం కిట్టొకటి తెప్పించి పంపింది. వేలితో నొక్కితే కిందికి దిగే నిజమైన బటన్లుంటాయి, టైపు కొట్టిన మాటని పెట్టె పైకి చదువుతుంది. విడి భాగాలుగా వచ్చిన దాన్ని బిగించింది బావ. బిగించాడు గానీ అది ఎంతకీ లేవలేదు. చివరికి నిన్న లేచింది.

ఎలా లేచిందో చెప్పడానికే ఇవాళ అత్తగారిని కూడా వెంటబెట్టుకుని కిందికి దిగాడు.

"మొదట ఏమైందంటే మాస్టారూ, బటన్ నొక్కగానే ఎర్ర దీపం వెలిగింది, తెర మాత్రం బొగ్గులా నల్లగా ఉంది. ఇంకొకడైతే మళ్ళీ డబ్బాలో పెట్టి వెనక్కి పంపేసేవాడు. నేను చెవి ఆనించాను. లిఫ్టు తాడు చప్పుడు విని లోపల ఎవరున్నారో, ఇంట్లో గొడవపడి వస్తున్నారో లేదో చెప్పేవాణ్ణి, ఇదొక లెక్కా నాకు? లోపల బోర్డు సన్నగా మూలుగుతోంది."

"ఏమని మూలిగింది?" అన్నారు మాస్టారు.

"కార్డు సరిగ్గా కూర్చోలేదని. అందులో వేలిగోరంత మెమరీ కార్డుంటుంది, దాని బుర్రంతా అందులోనే. బయటికి తీసి, చొక్కాకి తుడిచి, ఉఫ్ అని ఒక్క ఊదు ఊదాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఊదుకి మా వరండాలో తలుపులన్నీ వరసపెట్టి ధడాల్న మూసుకున్నాయి. ఎదురింటాయన అప్పుడే స్నానం చేసి తువ్వాలుతో బయటికొచ్చాడు, పాపం లోపల గడియ పడిపోయి ఇప్పటికీ మా ఇంట్లోనే ఉన్నాడు."

"ఎదురింటాయన పొద్దున నా దగ్గర గడ్డం గీయించుకున్నాడు బావా," అన్నాను.

"నా చొక్కా వేసుకునే వచ్చాడు. నువ్వు గడ్డమే చూశావు, చొక్కా చూడలేదు."

ఆ మాట అని ఓరకంట కుర్చీ వైపు చూశాడు. టైపిస్టమ్మ గారు తెర వైపు చూస్తోంది. చేతులు పెట్టె పక్కన ఊరికే పడి ఉన్నాయి.

"సరే, కార్డు కూర్చుంది, మళ్ళీ నొక్కాను. ఈసారి ఎర్ర దీపం పక్కన పచ్చ దీపం మిణుకుమంది. తెర నల్లగానే ఉంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ నొక్కాను. పట్టు పడితే వదిలే రకం కాదు కదా మనం, అన్నం కూడా ఎడమ చేత్తో తింటూ కుడి చేత్తో నొక్కాను. నా దీక్ష చూసి మా అత్తమ్మ మంచం మీంచే చెయ్యెత్తి ఆశీర్వదించింది. ఎత్తిన చెయ్యి దించితే ఒట్టు."

"బ్యాటరీలో పస లేదేమో," అన్నారు మాస్టారు.

"అందుకే మిమ్మల్ని లెక్కల మాస్టారన్నారు. నాకూ అదే తట్టింది. పస కావాలంటే బుల్లి చార్జర్లతో పనేం జరుగుతుంది, తీసుకెళ్ళి ఏకంగా లిఫ్టు మోటారుకే తగిలించాను. తగిలించి లిఫ్టులో నిలబడ్డాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు అటు నుంచి ఇటు రావాల్సింది ఇటు నుంచి అటు పోయింది. ఈ పెట్టెలో ఉన్న మొండితనమంతా లిఫ్టుకి పట్టుకుంది. మూడు దాటింది, నాలుగు దాటింది, ఐదు కూడా దాటేసింది, ఆగితేనా? చివరికి ఆరో అంతస్తులో ఆగి తలుపు తెరిచింది."

"మన బిల్డింగుకి ఆరో అంతస్తు లేదుగా."

"ఇంకా కట్టలేదు, అంతే. ఎప్పటికైనా కడతారు కదా మాస్టారూ. అక్కడ అప్పుడే జనం దిగిపోయారు కూడా. ఒకావిడ బట్టలు ఆరేసుకుంటోంది. నన్ను చూసి, ఏమయ్యా మెకానిక్కూ, లిఫ్టు ఇప్పటికా రావడం అని దులిపేసింది. కట్టని ఇంట్లో కాపురం పెట్టి, పైగా కుళాయిలో నీళ్ళు రావట్లేదని కంప్లయింటు. వాళ్ళాయన మాత్రం మంచివాడు, పాపం సూదంత స్క్రూడ్రైవర్ ఒకటి ఇచ్చాడు. అలాంటిది లోకంలో ఇంకా తయారే అవ్వలేదు."

"ఏదీ, ఒకసారి చూపించు బావా."

"తిరిగిచ్చేశాను. ఒకరి వస్తువు ఉంచుకునే అలవాటు మా వంశంలోనే లేదు."

మళ్ళీ ఆగాడు. మళ్ళీ కుర్చీ వైపు చూశాడు.

అప్పుడు గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు. బావ చెబుతున్నది మాకు కాదు. ప్రతి కోత తర్వాత కాస్త చోటు వదులుతున్నాడు, పక్క మనిషి కూర్చోవడానికి బెంచీ మీద జరిగినట్టు. పెట్టె నిన్న లేచిందే గానీ ఆవిడ ఇప్పటిదాకా ఒక్క మాట కూడా కొట్టలేదట. ఆ పెట్టెకున్న గొంతు మగగొంతు, రైల్వే స్టేషన్లో ఫలానా బండి ఆలస్యంగా వస్తుందని చెప్పే గొంతు. మొదటిసారి అది మనవరాలు పెట్టి పంపిన పలకరింపుగా "అమ్మమ్మా బాగున్నావా" అని పలికితే ఆవిడ ముఖం తిప్పేసుకుందట. బావ భార్య, ఏదో ఒకటి అనమ్మా అని నిన్నంతా బతిమాలుతూనే ఉందని తర్వాత తెలిసింది. చిన్న కోతలకి ఆవిడ పలకడం లేదు కాబట్టే ఇక్కడ కోత సైజు పెరుగుతోంది. నాకు జాలేసింది. నేను కూడా నా చేతనైనంత ఎగదోశాను.

"ఇంతకీ అసలు జబ్బేంటి బావా దానికి?"

"అలా అడుగు. కంప్యూటర్ బూటవ్వడమంటే ఏమనుకుంటున్నారు మీరు? తెల్లారి మన బిల్డింగు లేవడం లాంటిదే. ముందు వాచ్‌మన్ లేచి మోటారు వెయ్యాలి. మోటారు వేస్తే నీళ్ళెక్కుతాయి, నీళ్ళొస్తే ఆడవాళ్ళు లేస్తారు, వాళ్ళు అరిస్తే మొగుళ్ళూ పిల్లలూ లేస్తారు. వాచ్‌మనే ముసుగుతన్ని పడుకుంటే ఇక లేచేదెవరు? ఈ బోర్డులోనూ అంతే, ఒకళ్ళు లేచి ఇంకొకళ్ళ తలుపు తట్టాలి. బయట నుంచి ఎంత నొక్కినా ఎవడూ పలకట్లేదు. ఇలా కాదని నేనే లోపలికి దిగాను."

"దేంట్లోకి?" అన్నారు మాస్టారు.

"పెట్టెలోకి. లిఫ్టు సందుల్లో దూరీ దూరీ నా ఒళ్ళు ఎటు వంచితే అటు వంగుతుంది. ఊపిరి బిగబట్టి కార్డు పెట్టే సందులోంచి జారాను. పొట్ట దగ్గర కొద్దిగా పట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి."

మాస్టారు బావ పొట్ట వైపు ఒకసారి చూసి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

"లోపల ఏం ఊరనుకున్నారు. అన్నీ రాగి రోడ్లు, వెతికినా ఒక్క గుంత లేదు. రెండు పక్కలా నల్లటి మేడలు, ఒక్కదానికీ కిటికీ పెట్టలేదు. ఒకడు గడియారం పట్టుకుని అటూ ఇటూ పరిగెడుతున్నాడు. టైమెంతయ్యా అని అడిగితే చెప్పే టైము లేదన్నాడు. తలుపు తలుపూ కొట్టుకుంటూ వెళ్ళేసరికి చివర గేటు దగ్గర దొరికాడు వాచ్‌మన్, గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. తట్టాను, లేవడు. కుదిపాను, లేవడు. కాళ్ళు పట్టుకుని ఈడ్చాను, అటు తిరిగి పడుకున్నాడు. అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"ఏం చేశావు?"

"మా అత్తమ్మ గొంతు పెట్టాను. నా పెళ్ళైన కొత్తల్లో ఆదివారం పూట నన్ను లేపేది చూడండి, అలా."

అని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ముక్కు కాస్త బిగించి, "సూర్యుడు నడినెత్తికొచ్చి కూర్చున్నాడు, మా అల్లుడు గారికింకా తెల్లారలేదా?" అన్నాడు.

మేం నవ్వాల్సిన చోటు అది. ఎవరికీ నవ్వు రాలేదు. ఆ విరుపు, చివర్లో ఆ సాగదీత, అచ్చం ఆవిడే. ఆపరేషన్ తర్వాత ఆ గొంతు మేం వినడం అదే మొదలు. మాస్టారు పేపరు దించేశారు. కుర్చీలో ఆవిడ తలెత్తి అల్లుడి వైపు చూసింది. బావ కూడా తను చేసిన పనికి తనే తడబడ్డాడు. ఎక్కడ ఆగితే ఏమవుతుందో అన్నట్టు గబగబా అందుకున్నాడు.

"ఆ దెబ్బకి వాచ్‌మన్ మంచం మీంచి దొర్లి మోటారు స్విచ్చు మీద పడ్డాడు, ఊరంతా దీపాలు వెలిగాయి, నేను బయటికొచ్చి చూస్తే తెర ధగధగలాడుతోంది. ఇక మా అత్తమ్మ, కళ్ళ నీళ్ళు పెట్టుకుని నా రెండు చేతులూ పట్టుకుని, అల్లుడంటే నువ్వే నాయనా, ఇన్నాళ్ళూ నీ పనితనం తెలీక నిన్ను ఊరికే ఆడిపోసుకున్నాను, ఇక మీదట నిన్ను ఒక్క మాట అంటే ఒట్టు అన్నట్టు..."

టక టక టక.

"అబద్ధం," అంది పెట్టె.

ఏ బండో ఏ ప్లాట్‌ఫారమో చెప్పే గొంతుతో, ఎక్కువా తక్కువా లేకుండా అంది. టైపిస్టమ్మ గారు బటన్ల వైపు చూడను కూడా చూడట్లేదు, కళ్ళు రెండూ అల్లుడి మీదే ఉన్నాయి. వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒక వరస అయ్యేసరికి ఎడమ చెయ్యి గాల్లో పక్కకి తోస్తోంది. పాత టైపు మిషన్ అలవాటు, చెయ్యికింకా పోలేదు.

"దానికి ఏ జబ్బూ లేదు," అంది పెట్టె. "మొదటిసారి లేవడానికి దానికి కాస్త టైము పడుతుంది. నువ్వు ఆ టైము ఇస్తేనా? పచ్చ దీపం వెలగడం, నువ్వు మళ్ళీ బటన్ నొక్కడం. లేస్తున్నది కాస్తా ఆరిపోవడం. నేను చెయ్యెత్తింది ఆశీర్వదించడానికి కాదు, ఆగమని. ఒక్కసారి నొక్కితే చాలు, ఊరికే నొక్కకండి అని లిఫ్టులో కాగితం అంటించింది ఎవరు? నిన్న పక్క బిల్డింగు వాళ్ళు పిలిస్తే వెళ్ళావు. నువ్వు అటు వెళ్ళావు, ఇది ఇటు లేచింది."

మాస్టారి పేపరు కింద పడింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నేను అద్దం పట్టుకుని నవ్వాను. గొంతు ఎవరిదైతేనేం, తిట్టు మాత్రం అసలైన టైపిస్టమ్మ గారిదే.

బావ చిన్నబోతాడనుకున్నాను. చూస్తే, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ముఖం వెలిగిపోతోంది.

"విన్నారా మాస్టారూ? విన్నావా?" అన్నాడు నా భుజం పట్టుకుని ఊపేస్తూ. "ఎక్కడైనా ఒక్క తప్పు పోయిందా? ఒక్క అక్షరం తడబడిందా? అల్లుణ్ణి నలుగురిలో పెట్టి ఇలా ఉతికి ఆరేసే అత్తగారు ఈ చుట్టుపక్కల ఎవరికైనా ఉంటే చూపించండి, నా ఉద్యోగం వాళ్ళకి రాసిస్తాను." సంబరం దాచుకోవడం అతనికి చేతకాలేదు, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

కుర్చీ దగ్గరికి వెళ్ళి వంగి, చాలా నెమ్మదిగా అడిగాడు. "అంతేనా అత్తమ్మా? ఇంకేమైనా ఉన్నాయా?"

ఆవిడ ఒళ్ళో పెట్టెని సరిచేసుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, మళ్ళీ వేళ్ళు పెట్టింది.

"ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ నువ్వు చెప్పిన కోతలన్నీ ఉన్నాయి," అంది పెట్టె. "కూర్చో."

బావ అక్కడే నేల మీద, కత్తిరించిన జుట్టులో కూర్చున్నాడు.