చంద్రకాంత్ పచ్చగీత

తాండూరు బస్టాండు పక్కన, చంద్రకాంత్ నెట్ దుకాణంలో, భాగమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. పక్కనే నిలబడ్డ మనవరాలు భవ్యశ్రీకి మధ్యాహ్నం వికారాబాద్‌లో పరీక్ష. హాల్‌టికెట్ ఇంకా కంప్యూటర్‌లోకి దిగనేలేదు. బయట వికారాబాద్ బస్సు గుర్రుమంటోంది. అది తప్పిందా, అక్కడ గేటు మూసేస్తారు, ఏడాది చదువు గంగపాలు.

తెర మీద పచ్చగీత ఒకటి పసిరిక పాములా పాకుతోంది. అది నిండితే కాయితం వచ్చినట్టేనట. ఎక్కడినుంచి వస్తుందో తల్లీ, ఆ కాయితం!

"ఫికర్ చెయ్యకు పెద్దమ్మా," అన్నాడు చంద్రకాంత్ చాయ్ ఊదుకుంటూ. "గా గీత నేను చేసిందే. మునుపు ఫైలు ఎంత దిగిందో తెల్వక గిరాకీ పరేషానయ్యేది. నేనే కూసొని ప్రోగ్రాము రాసిన. ఆగుడన్నదే తెల్వదు దానికి. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"చెప్పకుంటె ఊకుంటవా?" అన్నాడు చాయ్ తెచ్చిన యాకోబు.

"పట్నం కంపెనోళ్లు కార్లేసుకొని వచ్చి, గీత ఇయ్యమని కాళ్లు మొక్కిండ్రు. ఇయ్యలే! గంతేనా? పోయినేడు కోట్‌పల్లి ప్రాజెక్టు నిండకపాయె. గీడ నేను గీత నడిపిస్తుంటే గాడ నీళ్లెక్కుడు! నిండి అలుగు దునికింది!"

"జర ముందే ఆపకపోతివి, మా బామ్మర్ది చేను మునిగె," అన్నాడు యాకోబు.

భాగమ్మకు నవ్వు రాలేదు. గీత తొంభై దాటింది. బస్సు హారన్ కొట్టింది.

"గదేం చూసినవ్ పెద్దమ్మా! మొన్న దోమ మండలంల తీగ తెగి నెట్టే బందైంది. అందరి కంప్యూటర్లు సచ్చి పండినయ్. నా గీత మాత్రం గుర్రం లెక్క ఉరికి నూరు ముట్టింది!"

భాగమ్మ కళ్లు పెద్దవి చేసింది.

"అయితే నాయనా," అంది మెల్లగా, "గిప్పుడు నెట్టున్నదా?"

చంద్రకాంత్ గోడకున్న నెట్ డబ్బా వంక చూశాడు. దాని దీపం ఆరిపోయి ఉంది. తెర మీద గీత నూరు ముట్టి మెరుస్తోంది. ఫైలు మాత్రం లేదు.

"గీత ఆగితే గిరాకీ లేసి పక్క దుకాణానికి పోతున్నరని..." నసిగాడు, "దానంతటదే ఉరికేటట్టు పెట్టిన."

భవ్యశ్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. చంద్రకాంత్ తన ఫోన్ నెట్టు కలిపి, ఆ గీతను తీసేసి, మళ్లీ మొదటినుంచి దించసాగాడు. ఈసారి తెర మీద అసలు లెక్క: నూటికి ఒకటి. ఎంతకీ ఒకటే. రెండు.

మళ్లీ హారన్. భాగమ్మ లేచి కొంగు నడుముకు దోపింది.

"నువ్వు కాయితం పట్టుకొని ఉరికిరా బిడ్డా. నేను పోయి బస్సుకు అడ్డం పండుకుంట."