రత్నం మాస్టారు వదిలిన బంతి

"తాతా, గోల్ఫు నీకు అర్థమవుద్దా? ఇందాకట్నించి టీవీలో ఆ ముసలాయన్నే చూస్తన్నావు."

అర్థంగాకపోతే ఏందిరా, చూట్టానికి అదొకటి అడ్డమా? నాకు ఆ కర్రలేందో, ఆ గుంటలేందో తెలవదు. ఆయన్ని చూడు నువ్వు. సముద్రం గట్టున గాలి అట్టా కొడతంటే కుర్రోళ్ళంతా టోపీలు పట్టుకుని గొణుక్కుంటన్నారు. ఈయనేమో కాసేపు నిలబడి, గాలెటుందో చూసుకుని, నిమ్మళంగా కొట్టాడు. అరవై దగ్గరుండవూ ఆయనకి? అట్టాంటోణ్ణి ఒకణ్ణి నేను చూశాన్రా. చూట్టమేంది, పక్కన నిలబడి ఆడా.

గోల్ఫు కాదులే. మన గురజాల్లో గోల్ఫెక్కడ ఏడ్చింది. బాల్ బ్యాడ్మింటను. షటిలు కాదబ్బాయ్, మళ్ళీ షటిలంటావు. పసుపుపచ్చ ఊలు బంతి, నిమ్మకాయకన్నా కాస్త పెద్దది. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, ఆరుబయట మట్టికోర్టు. సాగర్ డ్యాము కడతన్న రోజులు. అప్పుడు చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా సాయంత్రమయ్యేసరికి సున్నం గీతలు గీసి ఆడేవోళ్ళు. ఊలు బంతి గదా, తేలిక. గాలొచ్చిందంటే మనం ఒకచోటికి కొడితే అది ఇంకోచోటికి పోయేది.

మా రత్నం మాస్టారు మిషను బడిలో డ్రిల్లు మాస్టారు. నాకు ఆట నేర్పిందీ ఆయనే, మా జట్టులో మిగతా ముగ్గురికీ నేర్పిందీ ఆయనే. ఎక్కువ పరిగెత్తేవోడు కాదు. బంతి వచ్చేచోటికి ముందే పోయి నిలబడి ఉండేవోడు. మేమంతా బలం పెట్టి బాదేవోళ్ళం, ఆయన ఊరకనే ఇట్టా మణికట్టు తిప్పేవోడు. అవతలోళ్ళు ఇద్దరు గుద్దుకుని పడేవోళ్ళు. నిజం చెప్తన్నా, మా అమ్మ పెళ్ళిళ్ళలో వంట చేస్తా ఏ గిన్నెలో ఏముందో చూడకుండానే చెయ్యి పెట్టేది, అట్టాగుండేది ఆయన ఆట. మా అమ్మ వంటంటే గుర్తొచ్చింది, ఆ గోంగూర పప్పు... సర్లే, దాని సంగతి తర్వాత.

ఆ వేసవికి ఆయన రిటైరు. నరసరావుపేటలో పెద్ద టోర్నమెంటు. అక్కడ ఫైనలు దాకా పోవటం, బెజవాడ జట్టు చేతిలో తన్నులు తిని రావటం, మాస్టారికి అంతకుముందు చానాసార్లు జరిగింది. ఈసారి కూడా ఓడితే ఇంక లేదు. మోకాలికి గుడ్డ కట్టుకుని ఆడుతున్నాడు పాపం. మాకు నిక్కర్లు, చొక్కాలు కుట్టించిన మా పంచాయతీ పెసిడెంటుగారు ముందే చెప్పాడు, "మాస్టారూ, మీ మీద గౌరవం కొద్దీ ఒప్పుకున్నా. తేడా వస్తే మధ్యలోనే మిమ్మల్ని కూర్చోబెట్టి వేరేవోణ్ణి దింపుతా" అని. మాస్టారు సరేనన్నాడు. ఏమంటాడు మరి.

ఊరోళ్ళు లారీ కట్టుకుని వచ్చారు ఫైనలు చూట్టానికి. మా నాయన కూడా వచ్చాడు, తలగుడ్డ చుట్టుకుని గీత పక్కనే కూర్చున్నాడు.

మొదటి ఆట ఓడిపోయాం. ఎట్టా ఓడిపోయామో తెలుసా? వెనకాల ఎడంపక్క మాస్టారు, కుడిపక్క నేను. బంతి మా ఇద్దరి మధ్యకొస్తే నేను ఆగిపోయేవోణ్ణి. మాస్టారు ఉండగా ఆయన ముందుకి అడ్డంగా ఎట్టా పోతారా? బళ్ళో ఆయన ఎదురొస్తే గోడకి అతుక్కుని దారిచ్చేవోళ్ళం. ముందు నిలబడినోళ్ళు కూడా అంతే, ప్రతి బంతికీ "సార్, సార్" అని పక్కకి తప్పుకోవటమే. ఆయనేమో నాకేసి చూసి "నువ్వు తీసుకో దానియేలూ" అనేలోపు బంతి కింద పడేది. బెజవాడోళ్ళు తక్కువోళ్ళా? కనిపెట్టేశారు. ఇంక ప్రతి బంతీ మా ఇద్దరి మధ్యకే.

జనం మాస్టార్ని తిట్టటం మొదలుపెట్టారు. ముసలోడు ఆడలేకపోతన్నాడు, తీసెయ్యండి అని. తప్పు మాది, తిట్లు ఆయనకి.

పెసిడెంటుగారు లేచొచ్చాడు. మాస్టారు చేతులు జోడించి, "ఇంకొక్క ఆట చూడండి. ఇదీ పోతే నేనే బయటికొస్తా" అన్నాడు. మమ్మల్ని పిలిచాడు. కోప్పడతాడనుకున్నాం. "ఒరేయ్, ఈ గీతల లోపల నేను మీకు మాస్టార్ని కాను. నా పేరు రత్నం. బంతి మీకు బాగా దొరుకుద్దనిపిస్తే నన్ను పేరుపెట్టి అరిచి తప్పుకోమనండి" అన్నాడు. "ఏదీ, ఒక్కసారి అనండి" అన్నాడు. ఒక్కడంటే ఒక్కడికి నోరు రాలా.

అయినా రెండో ఆట గెలిచాం. ఎట్టాగంటే, మేం పిలవం అని తెలిసిపోయింది గదా, నా పక్క పడాల్సినవి కూడా ఆయనే పోయి అందుకున్నాడు. మోకాలి గుడ్డ ఊడిపోయి పాదం మీద పడింది, కట్టుకోలా. అప్పుడు జనం నోళ్ళు మూతపడినయ్. ఆ వయసులో ఆయన అట్టా కదుల్తంటే బెజవాడోళ్ళు కూడా చప్పట్లు కొట్టారంటే నమ్ము.

మూడో ఆటలో మాత్రం ఆయనకి ఊపిరాడటంలా. మాకింకొక్క పాయింటు కావాలి. అవతలోడు బంతిని ఆకాశానికి లేపాడు. గాలికి అది అటూ ఇటూ ఊగి మా మధ్యకి దిగుతా ఉంది. మాస్టారు దాని కిందకి వచ్చి బ్యాటు లేపాడు. నేను అప్పటికే పరిగెత్తుకొస్తన్నా. నాకది ఎదురుగా, భుజం ఎత్తులో, అంత బాగా కనిపించిందిరా. ఎట్టా వచ్చిందో నోటికి, "ఒరేయ్ రత్నం, తప్పుకో" అని అరిచా. పేరుపెట్టి పిలవమన్నాడేగానీ ఒరేయ్ అనమన్లా ఆయన. అరిచానో లేదో ఆయన ఎత్తిన బ్యాటు దించి, ఒక్క అడుగు పక్కకేసి నిలబడ్డాడు. నేను కొట్టా. అవతలోళ్ళకి అందలా.

నన్ను భుజాలమీదకి ఎత్తారు. దింపీ దింపకముందే మా నాయనొచ్చి చెంప పగలగొట్టాడు. "మాస్టార్ని ఒరేయ్ అంటావంట్రా" అని రెండోది కూడా ఎత్తాడు. మాస్టారు వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "కొట్టమాకయ్యా. ఇందాకట్నించి బతిమాలితే ఇప్పటికి అన్నాడు మీవోడు" అన్నాడు. అందరూ నవ్వారు, మా నాయన తప్ప.

తిరిగొచ్చేటప్పుడు పెసిడెంటుగారు లారీలో ముందుకొచ్చి కూర్చోమన్నాడు ఆయన్ని. వద్దని మాతోపాటు వెనకాల ఎక్కాడు. నేను కూర్చోకుండా నిలబడ్డా. చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూలేశాడు. పిడుగురాళ్ళ దాటాక మోకాలు రుద్దుకుంటా అన్నాడు, "ఆ బంతి నాకు అందేదేరా" అని.

"మరెందుకు వదిలారు సార్" అన్నా.

"నువ్వు పిలిచావుగా" అన్నాడు.

అంతే. నేను మొహం అటు తిప్పుకుని ఏడ్చానబ్బాయ్, ఏం దాచుకోను. ఆయన మళ్ళీ బ్యాటు పట్టుకోలా. ఆ తర్వాత నేను చానా ఏళ్ళు ఆడా, కప్పులూ తెచ్చా, కుర్రోళ్ళకి నేర్పా. నేను కొట్టిన ఆ దెబ్బ ఎట్టా కొట్టానో అడిగితే సరిగ్గా చెప్పలేను. ఆయన బ్యాటు దించింది మాత్రం ఇప్పటికీ కళ్ళల్లో ఉంది.

నువ్వూ ఎప్పటికో పెద్దోడివవుతావు నాయనా, పదిమందికి నేర్పుతావు. చేతికి అందే బంతిని వదలాల్సిన రోజు నీకూ వచ్చుద్ది. ఆ రోజున నిన్ను పేరుపెట్టి పిలిచే ధైర్యమున్నోణ్ణి దేవుడు నీ పక్కన ఉంచాలి. నాకు... నేను నేర్పినోళ్ళెవరూ నన్నట్టా పిలవలేదులేరా. నేనే ఆలస్యంగా జట్టులోంచి తప్పుకున్నా.