నాలుగు చక్రాల నెత్తురు

నరిన్ అనే ఊరి చివర, కార్లు కడిగే చోట పొద్దున్నే వచ్చిన మొదటి కారు ఓ కుర్రాడిది. ముందు చక్రాల మీది నురగని అక్కడ కార్లు కడిగే ఆమె ప్రెషర్ గన్నుతో కొట్టేసింది.

"త్వరగా కానివ్వక్కా, ఎవరూ చూడకముందే."

"ఏం, దొంగ కారా?"

"మొన్ననే కొన్నానక్కా. నిన్న సాయంత్రం పొగమంచులో ఏదో దడేల్మని తగిలింది. దిగి వెతికితే ఏమీ కనిపించలేదు. పొద్దున చూస్తే చక్రానికి నెత్తురు! మనిషేమోనని ప్రాణం పోతోంది."

ఆమె గన్ను ఆపి, వెనక్కి వెళ్లి వంగి చూసింది.

"ఈ రెండిటికీ ఉంది. బొట్టు పెట్టినట్టు ఒక్క తీరుగా ఉంది. ఇదిగో, ఈక కూడా."

"ఈకా?"

"పిచ్చోడా, కొత్త కారు కదా! మీ నాన్న పుంజుని కోసి, నాలుగు చక్రాలకీ ఆ నెత్తురు పూసి దిష్టి తీసుంటారు. నీకు తగిలింది ఏ రాయో అయ్యుంటుంది."

అతను తడి సిమెంటు మీదే చతికిలబడి పగలబడి నవ్వాడు.

"అందుకా ఇవాళ మా పుంజు కూయలేదు!"

"నవ్వింది చాల్లే. ముందు చక్రాల దీవెన కడిగి పారేశాం. ఆయనకేం చెబుతావు?"

"చెప్పనక్కా. కోళ్ల బజారు ఈపాటికి తెరిచుంటారా?"