గుండెపోటు జారిపడింది

"ఒరేయ్ క్లెటస్, పాన్‌కేకు చల్లారిపోతోంది, తిను. రక్తపరీక్ష అన్నారని రాత్రి నుంచి కడుపు మాడ్చుకుంటారట్రా ఎవరైనా? నా సంగతి విను."

పొద్దున్నే లవోన్ నడిపే హోటల్లో మా కాఫీల దగ్గర హార్లన్ అందుకున్నాడు. చీజ్ ఫ్యాక్టరీలో తల నెరిసిన మనిషి. పాడికి పేరుపడ్డ మా విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తానికీ వెన్న గురించి మాట్లాడే హక్కు తనొక్కడిదే అనుకుంటాడు. క్లెటస్ చలికాలమంతా అరిజోనాలో కూతురి దగ్గరుండి మొన్ననే ఊళ్లోకొచ్చాడు. మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోందట. పరగడుపున రమ్మని డాక్టరు చెప్పాడు, ఇంకాసేపట్లో వెళ్లాలి. ఎదురుగా వెన్న కారుతున్న పళ్లెం. అది తెప్పించింది హార్లనే, తన గిన్నె మాత్రం మోచేతి చాటున పెట్టుకుని.

"నాకూ తీశారుగా రక్తం. కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువుందన్నారు. కాస్తంటే కాస్తా? మిషన్లో అంకెలు చాలక పక్క మిషను తెచ్చి దీనికి తగిలించారు, అదీ చాల్లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నర్సమ్మ గాజుగొట్టం అటు తిప్పి ఇటు తిప్పేలోపే రక్తం చిలికి వెన్నయి కూర్చుంది. స్టేట్ ఫెయిర్ తిరునాళ్లలో వెన్న పోటీకి పెడితే మొదటి బహుమతి."

"ఎర్ర వెన్నకా?" అన్నాను నేను.

"బహుమతి రుచికిస్తారు గానీ రంగుకిస్తారా? నువ్వుండవయ్యా. జనవరి చలికి ఊళ్లో ట్రాక్టర్లన్నీ బిగుసుకుపోతే, వేలికి సూది గుచ్చుకుని ఒక్కో ఇంజనుకి ఒక్కో చుక్క వేశాను. మళ్లీ ఇంతవరకూ గ్రీజు అడిగితే ఒట్టు."

క్లెటస్ నవ్వుతూ ఫోర్కు అందుకున్నాడు. "మరి నీకు గుండెపోటు రాలేదా?"

"రాకేం? ఫిబ్రవరిలో టోపీ పెట్టుకుని మరీ వచ్చింది. గుండె తలుపు తోసుకుని లోపల కాలు పెట్టిందో లేదో, ఆ కొవ్వు మీద జర్రున జారి వెల్లకిలా పడింది. తుంటి విరిగింది పాపం. నేనే బండిలో వేసుకెళ్లి ఆసుపత్రిలో చేర్పించి, పూలు కూడా ఇచ్చొచ్చాను. అందుకని తినరా. పరీక్షలు పిరికివాళ్లకి."

"నిజమేలే, నువ్వు గుండ్రాయిలానే ఉన్నావు. వచ్చే నెల చూసుకోవచ్చు" అని క్లెటస్ ముక్క కోసి నోటిదాకా తెచ్చాడు.

హార్లన్ గుట్టు మా అందరికీ తెలుసు. ఆయన పరువెందుకు తియ్యాలని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. ఆ ముక్క అలా పైకి లేస్తుంటే నాకు భయమేసింది.

లవోన్ కాఫీ కెటిల్ కింద పెట్టింది. "జారిపడింది గుండెపోటు కాదు క్లెటస్, ఈ మహానుభావుడే. అదిగో, ఆ తలుపు దగ్గర. ఒళ్లంతా చెమటలు, ఊపిరాడలేదు. అంబులెన్సు పిలిచింది నేను. ఏదీ హార్లన్, నీ గిన్నెలో ఏముందో వాడికి చూపించు."

హార్లన్ గిన్నెకి చెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపటికి తీసేశాడు. అందులో ఉన్నది వెన్నా చక్కెరా లేని ఓట్స్ జావ.

క్లెటస్ ఫోర్కు దించాడు. హార్లన్ లేచి కోటు తగిలించుకున్నాడు.

"పద, నేను దింపుతాను. నువ్వు పోతే నా కథలు వినేదెవడ్రా? దారిలో చెప్తాను, నా గుండెలో పద్నాలుగు స్టెంట్లు వేశారు తెలుసా?"

"రెండు" అంది లవోన్, పళ్లెం తీసుకుపోతూ.