ఆపి ఉంచిన పదకొండు అభిప్రాయాలు

సభాధ్యక్షులు డీన్ గారికి, ముందు వరుసలోని పెద్దలకు, ఈ ఒరాడియా నగరం దాకా శ్రమపడి వచ్చిన పరిశోధక మిత్రులకు, ఇళ్లలో తెరల ముందు కూర్చుని మమ్మల్ని చూస్తున్నవారికి, ఈరోజు పదవీ విరమణ చేస్తున్న మన పత్రిక సంపాదకురాలు రుక్సాంద్ర గారికి ఈ ఫిలిమోన్ నమస్కారాలు.

నేను డిగ్రీలు లేనివాణ్ణి. అచ్చాఫీసులో అక్షరాలు నేర్చుకుని, తర్వాత మీ పత్రిక సైటుకు కాపలాదారునయ్యాను. ఆదివారాలు మా బాప్టిస్టు సంఘంలో వాక్యం చెబుతాను. (“త్వరగా కానివ్వవయ్యా ఫిలిమోన్! నువ్వు ఆమెన్ అనేసరికి విందుకు వండిన సర్మాలె చల్లారిపోతాయి!” అని వెనకనుంచి డోరెల్ గారు. నవ్వులు.) నవ్వండి. కాసేపట్లో నవ్వలేరు.

మన పద్ధతి మీకు తెలిసిందే. టీవీ మీదో, రేడియో మీదో ఎవరైనా వ్యాసం రాస్తే, ప్రచురణకు ముందు నలభై రోజులు సైటులో అందరి ముందూ పెడతాం. ఎవరైనా తమ పేరుతో అభిప్రాయం రాయవచ్చు. కాని నేను వదిలితేనే అది బయటికొస్తుంది, అంతవరకూ రాసినవారికి తప్ప ఇంకెవరికీ కనబడదు.

ఆరేళ్ల కిందట ఒటీలియా అనే యువ పరిశోధకురాలు టీవీ బోధకుల మీద వ్యాసం పెట్టింది. కెమెరా దగ్గరికి రాగానే మా కంట్లో నీళ్లు ఎలా తిరుగుతాయో రాసింది. నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడి తరఫున రోషపడ్డానని చెప్పుకున్నాను. అబద్ధం! స్థానిక చానెల్లో వాక్యం చెప్పేటప్పుడు నా కన్నీళ్లూ అలాగే వచ్చేవి. అందుకే ఆమెను తిట్టిన అభిప్రాయాలన్నీ వదిలాను, మెచ్చుకున్న పదకొండూ ఆపేశాను. ఇతరుల కంటిలో నలుసు వెదికే నేను నా దూలాన్ని తాళం వేసి దాచుకున్నాను.

నలభయ్యో రోజున ఆమె వ్యాసం వెనక్కి తీసుకుంది, పరిశోధనే మానేసింది. ఇక్కడున్న మీరంతా ఏమన్నారు? “రుక్సాంద్ర ఒక్క మాట అంటే ఆ పిల్ల నిలబడేది, ఆమెది రాతిగుండె” అన్నారు. నా ఎదుటే అన్నారు. నేను తలూపాను.



రుక్సాంద్ర గారూ, మీరు మాట్లాడారు. ఆపినవాటిలో మూడోది మీదే.

“అదేంటయ్యా? నా తెరమీద కనబడిందే!”

“మీ ఒక్కరికే కనబడిందండీ.”

“జవాబైనా ఇవ్వలేదని ఆ పిల్లతో మాటలు మానేశాను కదయ్యా నేను!”

తెలుసండీ. తెలిసీ ఆరేళ్లు మీ చేతి కాఫీ తాగాను. ఈ నింద నెత్తిన పెట్టుకుని మీరు ఇంటికి వెళ్లకూడదనే ఈరోజు నోరు విప్పాను. ఉదయమే ఆ పదకొండూ పాత తేదీలతోనే వదిలాను; కాపలా పని డీన్ గారికి అప్పగించాను. ఒటీలియాకు ఉత్తరం రాశాను. ఆమె వచ్చింది. అదిగో, తలుపు దగ్గర, కోటు విప్పకుండా నిలబడింది. మీ ఇద్దరినీ క్షమాపణ అడగను. ఇంతమంది ముందు అడిగితే కాదనలేరు, అదీ ఒక దౌర్జన్యమే.

అధ్యక్షా, మన్నించాలి. రుక్సాంద్ర గారు పూలగుత్తి బల్లమీద పెట్టేసి వేదిక దిగుతున్నారు. దయచేసి దారివ్వండి. వాళ్లిద్దరి మధ్య ఇంతకాలం నేనే అడ్డంగా కూర్చున్నాను. ఇంకా మాట్లాడితే ఇప్పుడూ అడ్డమే అవుతాను. ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు, సెలవు.