మారెన్‌కి చీటీ

ఆటిజం ఉన్నవాళ్ళకూ గంజాయి మందు రాయొచ్చని రాష్ట్రం ఒప్పుకున్న వారానికి, సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్ళో ఒక తల్లి తన ఇరవయ్యేళ్ళ కూతురు మారెన్‌ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"తల గోడకేసి బాదుకుంటుందా అమ్మా?"

"ఏడాదిగా లేదండీ."

"మరి ఈ మందెందుకు? బాదుకునేవాళ్ళకే రాయమన్నారు."

"ఆ మందు వేస్తున్నా కాబట్టే బాదుకోవట్లేదు."

"ఎక్కడిది?"

"కొలరాడో నుంచి మా అక్క తెస్తోంది. ఆ రాష్ట్రంలో దుకాణాల్లోనే అమ్ముతారు."

"అది నేరం, తెలుసా?"

"తెలుసండీ. అందుకేగా మీ దగ్గరికొచ్చాను."

"నా కళ్ళతో చూడకుండా ఎలా రాసేది?"

"వారం రోజులు మందాపి తీసుకొస్తాను. మీ గోడ గట్టిదేనా?"

డాక్టరు మారెన్ వైపు చూశాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని సరస్సులో ఓడల్ని చూస్తోంది.

"ఆపకండి," అని కలం తీశాడు. "ఎన్ని చుక్కలు వేస్తున్నారు?"